మాల వేసుకున్న రెండో రోజే అన్నకు ఫిట్స్ వచ్చాయి. తాగుడు ఎలా మాన్పించాలి?

కొండమల్లేపల్లి చెల్లె
నవంబర్ 18, రాత్రి 10:40

మాది దేవరకొండ దగ్గర ఊరు. మా అన్నకు 39 ఏళ్లు, లారీ డ్రైవర్. ఈ సీజన్‌లో వడ్లు మిర్యాలగూడ మిల్లులకు తోలుతాడు. పదిహేనేళ్లుగా తాగుతున్నాడు. మొదట దావత్‌లలో, తర్వాత రోజూ లోడు దించాక, ఈ రెండేళ్లుగా పొద్దున పళ్లు తోముకోకముందే. లేవగానే చేతులు వణుకుతాయి, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా తొణుకుతుంది. సగం క్వార్టర్ లోపల పడితే అవే చేతులు స్టీరింగ్ మీద నిలకడగా ఉంటాయి. అది చూసి మేము కూడా, ఆ కాస్త తాగితేనే మనిషి బాగుంటాడులే అని ఊరుకున్నాం.

అన్నకు అయ్యప్ప మాల వేయిస్తానని అమ్మ మొక్కుకుంది. 41 రోజులు ముట్టడు కదా, ఆ తర్వాత అలవాటు దానంతట అదే పోతుందని ఆశ. అన్న కూడా మనసారా ఒప్పుకున్నాడు. శనివారం పొద్దున మాల వేసుకున్నాడు. ఆ రాత్రి కన్ను మూయలేదు, చెమటకు పరుపు తడిసిపోయింది. ఆదివారం సాయంత్రం గోడ మీద చీమలు పారుతున్నాయని చేత్తో తుడుస్తూ కూర్చున్నాడు. గోడ మీద ఏమీ లేదు. కాసేపటికి మనిషి కట్టెలా బిగుసుకుపోయి పడిపోయాడు. ఫిట్స్. నాలుక కొరుక్కున్నాడు, నల్ల బట్టల మీదంతా రక్తం.

ఆర్‌ఎంపీ వచ్చి గ్లూకోజ్ పెట్టాడు. ఇరుగుపొరుగు వాళ్లు మాలలో ఏదో అపచారం జరిగిందన్నారు. రాత్రికి నల్గొండ సర్కారు దవాఖానకు తెచ్చాం. ఇప్పుడు వార్డులో ఉన్నాడు. మందు ఒక్కసారిగా ఆపడం వల్లే ఇలా అయిందని డాక్టర్ చెప్పారు. తాగితే రోగం వస్తుందని విన్నాను కానీ ఆపితే ఫిట్స్ రావడమేంటో నాకు అర్థం కాలేదు. అమ్మ మాత్రం "నా చేతులారా కొడుకును చంపుకునేదాన్ని" అని అన్నం ముట్టడం లేదు. ఎవరికైనా ఇలా జరిగిందా? ఇప్పుడు మేమేం చేయాలి?

నీళ్లసీసా
నవంబర్ 18, రాత్రి 11:25

చెల్లె, ముందు అమ్మకు నాలుగు ముద్దలు తినిపించు. తప్పు ఆమెది కాదు, దేవుడిదీ కాదు, మీ అన్నదీ కాదు.

నేనూ లారీవాడినే. సూర్యాపేట నుంచి బొంబాయి దాకా తోలాను. నాకు డాక్టర్ ఎన్ని విధాల చెప్పినా ఎక్కలేదు కానీ, ఒక్క మాటతో ఎక్కింది. రోజూ ఓవర్‌లోడ్ వేసే బండికి కమాన్ కట్టలు, అంటే చక్రాల పైన ఉండే స్ప్రింగ్ పట్టీలు, అదనంగా వేయిస్తాం కదా. బరువు ఉన్నంతసేపు బండి బాగానే పోతుంది. లోడు దించేసి ఖాళీ బండిని అదే స్పీడుతో తోలితే ఎగిరెగిరి పడుతుంది. మెదడు కూడా అంతేనట. మందు మెదడును అణచివేస్తుంది. ఏళ్ల తరబడి ఆ అణచివేతను తట్టుకోవడానికి మెదడు తన హుషారును పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా తీసేస్తే అణిచేది పోయింది, పెంచుకున్న హుషారు మాత్రం మిగిలింది. వణుకు, చెమట, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ అన్నీ దానివే.

నేను ముట్టక ఏడేళ్లు దాటింది. మీ అన్న కూడా మానగలడు.

సిస్టర్ పాలమూరు
నవంబర్ 19, ఉదయం 6:10

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. నీళ్లసీసా అన్న చెప్పింది నిజం. నేను మహబూబ్‌నగర్‌లో స్టాఫ్ నర్సుగా పని చేస్తాను, కార్తీకంలోనూ శివరాత్రి ముందు శివమాలల అప్పుడూ ఇలాంటి కేసులు చూస్తూనే ఉంటాను.

చివరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో వణుకు, గుండె దడ మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లోపు వస్తాయి. అసలు భయపడాల్సింది రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా. జ్వరం, బీపీ పెరగడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం, మనుషులను గుర్తుపట్టకపోవడం. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. మీరు వార్డులోనే ఉన్నారు కాబట్టి ధైర్యంగా ఉండండి. కానీ తగ్గింది కదా అని గురువారానికి ముందే సంతకం పెట్టి తీసుకుపోకండి.

వాళ్లు ఇచ్చే మాత్రలు, ఇంజెక్షన్లు తాగే మందు చేసే పనినే కొన్ని రోజులు చేసి, మెల్లగా తగ్గించుకుంటూ పోతాయి. దాంతోపాటు బీ1 విటమిన్, అంటే థయమిన్ ఇస్తారు. ఇది చాలా ముఖ్యం. తాగేవాళ్ల ఒంట్లో ఇది అడుగంటిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. మెల్లకన్ను పడటం, నడక తూలడం, మతిమరుపు మిగిలిపోతాయి. ఊళ్లో గ్లూకోజ్ పెట్టించారు కాబట్టి ఆ మాట డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి.

ఇంకొకటి. మళ్లీ ఎప్పుడైనా ఫిట్స్ వస్తే తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా కుక్కడం చేయకండి. పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి, తల కింద మెత్తటి బట్ట పెట్టి, 108కి ఫోన్ చేయండి.

హాలియా రైతుబిడ్డ
నవంబర్ 19, ఉదయం 9:02

మీ బాధ అర్థమవుతోంది కానీ దీన్ని రోగం అంటే నాకు మింగుడుపడదు. మా నాయన ఇరవై ఏళ్లు తాగాడు. మా అక్క పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఒక మాట అన్నారని ఆ రోజే మానేశాడు. వణుకూ లేదు, ఫిట్సూ లేదు. రోషం ఉన్నవాడు మానేస్తాడు. రోగం అని పేరు పెడితే తాగేవాడికి సాకు దొరికినట్టే.

సిస్టర్ పాలమూరు
నవంబర్ 19, మధ్యాహ్నం 3:30

అన్నా, మీ నాయన గట్టి మనిషి. కానీ తాగే ప్రతి ఒక్కరి ఒళ్లూ ఒకేలా మందుకు బానిస కాదు. రోజూ సాయంత్రం తాగేవాడు వేరు, పొద్దున వణుకు ఆగడానికి తాగేవాడు వేరు. ఈ రోగం వచ్చే అవకాశంలో సుమారు సగం పుట్టుకతో, వంశంలో వచ్చేది. మిగతా సగం ఏ వయసులో మొదలుపెట్టాడు, ఎలాంటి పని, ఎలాంటి బాధలు అనేవాటి మీద ఉంటుంది.

డాక్టర్లు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. తగ్గించాలని నీకెప్పుడైనా అనిపించిందా? ఎవరైనా తప్పు పడితే చిరాకొచ్చిందా? తాగినందుకు సిగ్గుపడ్డావా? పొద్దున లేవగానే తాగావా? రెండింటికి అవునంటే ఆలోచించాల్సిందే. చివరిదానికి అవునన్నవాళ్లను మాత్రం ఇంట్లో కూర్చోబెట్టి మాన్పించకూడదు.

లెక్క కూడా చెబుతాను, చాలామందికి తెలియదు. 30 మిల్లీలీటర్ల విస్కీలో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లలో, 60 గ్రాములు. "బీరే కదా" అంటారు. 8 శాతం ఉండే పెద్ద స్ట్రాంగ్ బీరు సీసాలో 40 గ్రాములు ఉంటుంది. లివర్ గంటకు 7 నుంచి 10 గ్రాములకు మించి కరిగించలేదు. అంటే రాత్రి 11 గంటలకు క్వార్టర్ తాగినవాడు పొద్దున 5 గంటలకు బండి ఎక్కితే ఒంట్లో మందు ఇంకా మిగిలి ఉండొచ్చు. చట్టం ఒప్పుకునేది 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దాకే.

నీళ్లసీసా
నవంబర్ 19, రాత్రి 8:15

రైతుబిడ్డ తమ్ముడూ, నాకు రోషం లేక కాదు. బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. యాదగిరిగుట్టలో వేశాను, జాన్‌పహాడ్ దర్గాలో వేశాను. ప్రతిసారీ నిజంగానే వేశాను. నాలుగుసార్లు తప్పాను. తప్పిన ప్రతిసారీ ఆ సిగ్గును చంపుకోవడానికి ఇంకా ఎక్కువ తాగాను. ఐదోసారి ఒట్టు వేయకుండా దవాఖానలో చేరాను.

గద్వాల కోడలు
నవంబర్ 19, రాత్రి 11:50

నేను చేసిన తప్పు ఇక్కడ రాస్తే ఇంకొకరు చేయకుండా ఉంటారని రాస్తున్నాను.

మా ఆయన దవాఖానకు రానంటే రానన్నాడు. తెలిసినవాళ్లు ఒక మాత్ర చెప్పారు. పొడి చేసి పప్పులో కలిపి పెట్టు, తాగితే వాంతులై అసహ్యం పుట్టి మానేస్తాడన్నారు. చీటీ లేకుండానే తెచ్చి మూడు వారాలు కలిపాను. మరిది పెళ్లిలో తాగాడు. పది నిమిషాల్లో ముఖం, మెడ ఎర్రగా కందిపోయాయి, కళ్లు ఎర్రబడ్డాయి, గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. బీపీ పడిపోయింది. కర్నూలు తీసుకుపోతే ఏం మందులు వాడుతున్నాడని అడిగారు. అత్తమామల ముందు నోరు విప్పలేక నిలబడిపోయాను. చివరికి డాక్టరమ్మను పక్కకు పిలిచి చెప్పాను.

అది డైసల్ఫిరామ్. మనిషికి చెప్పి, ఒప్పించి, గుండె, లివర్ చూసి ఇవ్వాల్సిన మందు. అది వాడుతున్నట్టు తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడు, తెలియకపోతే తాగి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. ఆ మాత్ర మానేశాక కూడా రెండు వారాల దాకా దాని ప్రభావం ఉంటుందట. ఊళ్లల్లో ఇచ్చే పసరు మందుల్లో ఏముందో ఇచ్చేవాడికే తెలియదు. ఆయన బతికాడు. కానీ ఏడాది దాకా నేను వడ్డించిన అన్నం తినలేదు, గంజిలోంచి తానే వార్చుకుని తిన్నాడు.

తాటివనం
నవంబర్ 20, ఉదయం 7:20

నారాయణపేట వైపు మాది. మా నాయన ఇప్పటికీ మోకు ముత్తాదు కట్టుకుని చెట్టెక్కుతాడు. చెట్టు కల్లు వేరు, దుకాణంలో సీసాల్లో పోసే కల్లు వేరని మా కులం పరువు కోసం ఎప్పుడూ చెబుతుంటాను. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ. ఆ తేడాను కొందరు నీళ్లు, చక్కెర పాకం, డైజీపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందుల పొడితో పూడుస్తారు. మత్తు కల్లుది కాదు, ఆ పొడిది.

2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు మా పాలమూరులో జనం ఏమయ్యారో కళ్లారా చూశాను. మెడలు వంకర తిరిగి, తమలో తామే మాట్లాడుకుంటూ, మగా ఆడా తేడా లేకుండా దవాఖాన వరండాల్లో పడి ఉన్నారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసినప్పుడూ అంతే, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక దవాఖాన నిండిపోయింది.

అందుకే అడుగుతున్నా చెల్లె, మీ అన్న కల్లు కూడా తాగుతాడా?

కొండమల్లేపల్లి చెల్లె
నవంబర్ 20, ఉదయం 7:55

తాగుతాడు. రోజూ సాయంత్రం దుకాణంలో రెండు మూడు సీసాలు. కల్లు ఒంటికి చలువ కదా అని మేము దాన్ని తాగుడు కింద లెక్కే పెట్టలేదు. డాక్టర్‌కు చెప్పలేదు.

సిస్టర్ పాలమూరు
నవంబర్ 20, ఉదయం 8:01

రౌండ్స్‌కు రాగానే చెప్పు. ఎదురుచూడకు, నువ్వే వెళ్లి చెప్పు. అల్ప్రాజోలమ్ అలవాటైన ఒంటికి మాత్రలు తగ్గించే లెక్క వేరు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఐదో రోజు డిశ్చార్జ్ చేస్తే ఇంటికెళ్లాక మళ్లీ ఫిట్స్ రావచ్చు.

కొండమల్లేపల్లి చెల్లె
నవంబర్ 24, సాయంత్రం 6:30

తాటివనం అన్నకు రుణపడి ఉంటాం. చెప్పగానే డాక్టర్ చీటీ మార్చి రాశారు. ఇంకో వారం ఉంచుతామన్నారు. శుక్రవారం దాకా అన్న నన్ను చనిపోయిన మా మేనత్త అనుకుని మాట్లాడాడు. శనివారం పొద్దున "నువ్వు డ్యూటీకి పోలేదా?" అని అడిగాడు. అప్పుడు ఏడుపు ఆగలేదు నాకు.

ఇప్పుడు బంధువులు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సెంటర్‌లో ఆరు నెలలు వేయమంటున్నారు. వాళ్లే బండిలో వచ్చి ఎత్తుకుపోతారట. వేయాలా?

అచ్చంపేట టీచర్
నవంబర్ 24, రాత్రి 9:10

చేర్చే ముందు మీరు స్వయంగా వెళ్లి చూడండి. మా బాబాయిని అలాగే ఒక సెంటర్‌లో వేశాం, ఊరు పేరు చెప్పను. నెల దాకా కలవనివ్వలేదు. కలిసినప్పుడు కాలికి గొలుసు గుర్తు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా ఆ చట్టం కిందికే వస్తాయి. సైకియాట్రిస్ట్ రోజూ వస్తారా, రిజిస్ట్రేషన్ ఉందా, ఇంటివాళ్లు కలవొచ్చా అని అడగండి. మొహమాటపడితే మీవాడే బాధపడతాడు. మంచి సెంటర్లూ ఉన్నాయి. 14446 నంబర్‌కు చేస్తే ప్రభుత్వ సాయంతో నడిచేవాటి వివరాలు చెబుతారు.

నేను తాగేవాడి కొడుకుని కూడా. మీ అన్నకు పిల్లలుంటే వాళ్లతో ఎవరైనా మాట్లాడండి. తొమ్మిదేళ్లప్పుడు నేను బాగా చదివితే నాన్న మానేస్తాడని అనుకునేవాడిని. క్లాసులో ఫస్ట్ వచ్చిన రోజు కూడా ఆయన తాగి వచ్చాడు. చాలా ఏళ్లు అది నా తప్పే అనుకున్నాను.

గద్వాల కోడలు
నవంబర్ 25, ఉదయం 5:40

మీ వదిన ఎలా ఉంది? అందరం మనిషినే అడుగుతాం కానీ ఆమెను ఎవరూ అడగరు.

ఇంట్లో పత్తికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఉంటే ఇప్పుడే వేరేవాళ్ల ఇంట్లో పెట్టి తాళం వేయించండి. మానేసిన కొత్తలో దిగులు విపరీతంగా ఉంటుంది, అప్పులన్నీ ఒక్కసారి గుర్తొస్తాయి. మా వీధిలో ఒకతను దవాఖాన నుంచి వచ్చిన పదో రోజే పోయాడు. రాత్రిపూట మనసు బాగోలేకపోతే 14416కి చేయమనండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. వదినకు కూడా ఆ నంబర్ ఇవ్వండి.

కొండమల్లేపల్లి చెల్లె
నవంబర్ 25, మధ్యాహ్నం 1:15

మూడు డబ్బాలు ఉన్నాయి. ఒకటి మంచం కిందే ఉంది. మా చిన్నాన్న ఇంటికి పంపించాం. సెంటర్‌కు వేయడం లేదు, నల్గొండలోనే చూపిస్తాం.

కొండమల్లేపల్లి చెల్లె
డిసెంబర్ 29, రాత్రి 9:45

చాలా రోజులకు రాస్తున్నాను, సిగ్గుగా ఉంది. ఇంటికొచ్చాక 24 రోజులు ముట్టలేదు. తిన్నాడు, నిద్రపోయాడు, చిన్నోడికి సైకిల్ నేర్పించాడు. మొన్న ఓనర్ ఇంట్లో దావత్ అయింది, ఒక్క పెగ్గే అని పోశారు. మూడు రోజులు ఇంటికి రాలేదు. అమ్మ "ఇగ వీడు బాగుపడడు" అంటోంది.

నీళ్లసీసా
డిసెంబర్ 29, రాత్రి 10:05

సిగ్గెందుకు చెల్లె? షుగర్ పేషెంట్ పండక్కి స్వీట్లు తిని షుగర్ పెంచుకుంటే దవాఖాన మాన్పిస్తామా? 24 రోజులు ఉన్నవాడికి ఉండటం వచ్చు. ఇప్పుడు తిట్టొద్దు, ఏమీ జరగనట్టు ఊరుకోవద్దు కూడా. రేపే తీసుకుపోండి. మూడు రోజులు తాగి ఆపినా వణుకు వస్తుంది, ఇంట్లో ఆపకండి.

కోరిక తగ్గించే మందులు ఉన్నాయని అడగండి. నాకు లివర్ పరీక్ష చేసి నాల్ట్రెక్సోన్ ఇచ్చారు. ముట్టినా మునుపటి మజా ఉండదు, మనసు అటు లాగడం తగ్గింది. ఆకాంప్రోసేట్ అని ఇంకొకటి ఉంది, దానికి కిడ్నీలు చూస్తారు. ఏది సరిపోతుందో వాళ్లే తేలుస్తారు. మాత్ర ఒక్కటే నన్ను నిలబెట్టలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులకు పోయాను, ఇప్పటికీ పోతాను. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా ఉండి మొదలుపెట్టింది అది. తెలుగులో జరుగుతాయి, ఫీజు లేదు, పేరు చెప్పక్కర్లేదు. మొదటి రోజు వెనక కుర్చీలో కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. నా కథనే వేరేవాడు చెబుతుంటే విన్నాను.

దావత్‌కు పోవాల్సి వస్తే నేను ముందే నీళ్ల సీసా చేతిలో పట్టుకుంటాను. చెయ్యి ఖాళీగా ఉంటేనే గ్లాసు పెడతారు. నా పేరు అందుకే అది. మీ అన్నను నాతో మాట్లాడతాడేమో అడుగు, లారీ సంగతులే మాట్లాడుకుంటాం.

హాలియా రైతుబిడ్డ
జనవరి 6, రాత్రి 11:30

నెలన్నరగా ఈ చర్చ చదువుతూనే ఉన్నాను. అప్పుడు రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా తమ్ముడికి 31 ఏళ్లు. నిన్న పొద్దున ఐదింటికి బర్రెల కొట్టంలో తాగుతుంటే చూశాను. నన్ను చూసి సీసా దాచబోయాడు, చేతులు వణికి గడ్డిలో పడిపోయింది. ఇంతకుముందైతే కొట్టేవాడిని. ఏమీ అనలేక పక్కన కూర్చున్నాను. వాడే అన్నాడు, "అన్నా, ఆపుదామంటే ఆగట్లేదు" అని.

ఎక్కడికి తీసుకుపోవాలి?

కొండమల్లేపల్లి చెల్లె
జనవరి 7, ఉదయం 5:50

అన్నా, నల్గొండ మెడికల్ కాలేజీ దవాఖానలో మానసిక వైద్య విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి, ఆధార్ కార్డు పెట్టుకోండి. ఎంత తాగుతాడు, కల్లు తాగుతాడా, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా, పాత మాత్రలేమైనా ఉన్నాయా అన్నీ ఒక కాగితం మీద రాసుకుపోండి, అక్కడ కంగారులో గుర్తురావు. దవాఖానకు పోతున్నాం కదా అని ముందు రోజే మాన్పించకండి. బైక్ వద్దు, బస్సులో పోండి, అతన్ని కిటికీ వైపు కూర్చోబెట్టి మీరు పక్కన కూర్చోండి.

రేపు మా అన్నకు కూడా చూపించే రోజే. మళ్లీ మానడం మొదలుపెట్టి ఇది ఎనిమిదో రోజు. ఓపీ దగ్గర నీళ్ల సీసా పట్టుకుని ఉంటాడు, గుర్తుపట్టండి.